సాక్షి ఉన్న మాటలు

ఓర్వకల్లు విమానాశ్రయంలో అద్దాల తలుపుకు ఎదురుగా కూర్చుని ఉన్నాం, నేనూ మా అమ్మ సుగుణమ్మా. తమ్ముడి దగ్గరికి ప్రయాణం. అమ్మకు ఎనభై దాటాయి, విమానం ఎక్కడం అదే మొదటిసారి. మైకులో ఒకమ్మాయి బోర్డింగ్ మొదలైందని చెప్పగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ఈడ గూడా బోర్డింగు పెట్టినారా పాపా?" అని అడిగింది. అమ్మకు బోర్డింగంటే కర్నూల్లో మిషను వాళ్ళు నడిపిన ఆడపిల్లల హాస్టలు. ఎనిమిదో తరగతి దాకా ఆమె అక్కడే ఉండి చదువుకుంది. పొద్దున జావ, సాయంత్రం తోటపని, ఆదివారం తెల్ల ఓణీ, అవన్నీ కలిపి ఆమెకు ఆ ఒక్క మాట. నేను ముప్పైయేళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, ఆ మాటకున్న అర్థాలన్నీ విప్పి చెప్పబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అర్థం పక్కన పెట్టు. ఎవురన్న్యారు?" అంది. మైకు దగ్గరున్న పిల్ల అన్నాను. "యాడ?" ఈ గేటు దగ్గర. "ఏం జేస్తా?" టికెట్లు చూస్తూ, మనుషుల్ని లోపలికి పంపిస్తూ. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే సరే" అని చేతిసంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

ఆ మూడు ప్రశ్నలు మా అవ్వవి. అవ్వ అంటే మా నాయన తల్లి, మరియవ్వ. ఆమె పోయి చాలా కాలమైంది, నేను కూడా ఆ ప్రశ్నల్ని ఎప్పుడో వదిలేశాను. అమ్మ నోట అవి మళ్ళీ వినేసరికి విమానం గాల్లోకి లేచిందీ, అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుందీ నాకు సరిగ్గా తెలియలేదు. కిటికీలోంచి కిందికి చూస్తే రాతిగుట్టల మధ్య నల్లటి రోడ్డు కనిపించింది. ఆ రోడ్డుకే మా నాయన కంకర పోశాడు. మా ఊరు ఆ గుట్టలకు అవతల. ఇప్పుడు విమానాలు దిగే నేల మీద అప్పట్లో మేకలు మేసేవి.

మా నాయన ఏసన్న రోడ్ల శాఖలో గ్యాంగు కూలీ. రెండెకరాల రాళ్ళచేను ఉన్నా దాన్ని నమ్ముకుంటే వాన దయ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ఒంటి నుంచి తారు వాసన వచ్చేది. గుమ్మం ముందు బండ మీద కూర్చుని కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకునేవాడు, తర్వాత కుంకుడురసంతో కడుక్కునేవాడు. అయినా సంగటి ముద్ద తుంచి నా నోట్లో పెడితే అందులో కొంచెం తారు వాసన ఉండేది. నాకది ఇష్టం. ఇప్పటికీ ఎక్కడైనా కొత్తగా రోడ్డు వేస్తుంటే నాకు ఆకలేస్తుంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పను.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. పొయ్యి మీద సంగటి దిగాక, కంచాలు పెట్టకముందే కుటుంబ ప్రార్థన. లాంతరు చుట్టూ కూర్చుని పాట పాడి, ఒక్కొక్కరూ ఒక బైబిలు వాక్యం కంఠతా చెప్పాలి. చెప్పనివాళ్ళకు అవ్వ సంగటి పెట్టదు. చిన్నాపెద్దా తేడా లేదు. ఒకరోజు నాయనకు వాక్యం గుర్తు రాలేదు. ఎండలో పని చేసి వచ్చాడు, ఎదురుగా చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వాసన. తల గోక్కుని, "అమ్మా, వాక్యం రాల్యా గానీ, ఈ దినం ఒగ కొత్త ఇంగ్లీషు మాట విన్నా, అది జెప్తా" అన్నాడు. మేమంతా అవ్వ వైపు చూశాం. అవ్వ కొడుకును పస్తు పడుకోబెట్టలేకనో, నిజంగానే తెలుసుకోవాలనిపించో, "చెప్పు సూద్దాం" అంది. నాయన "లెవెలు" అన్నాడు.

ఊళ్ళో ఎవరైనా వచ్చి ఫలానా ఇంట్లో ఇట్లా జరిగిందట అని చెబితే అవ్వ వెంటనే నమ్మే మనిషి కాదు. ఎవురన్న్యారు, యాడన్న్యారు, ఏం జేస్తా అన్న్యారు అని అడిగేది. మూడింటికీ జవాబు చెప్పలేని కబురును ఆమె గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు. ఆరోజు ఆ ఇంగ్లీషు మాటనూ అట్లాగే నిలబెట్టి అడిగింది. ఓవర్సీరు అన్నాడని, కల్వర్టు కాడ అని, నీళ్ళ బుడగ ఉన్న కర్రను గోడ మీద పెట్టి చూస్తా అన్నాడని నాయన చెప్పాడు. అవ్వ తృప్తిపడి సంగటి పెట్టింది. మరుసటి రోజు నుంచి వాక్యంతో పాటు మాట కూడా మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. అర్థమేమిటని ఎవరూ అడిగేవారు కాదు. మా ఇంట్లో డిక్షనరీ లేదు, అలాంటి పుస్తకం ఒకటి ఉంటుందన్న సంగతే నాకు హైస్కూలుకు పోయేదాకా తెలియదు.

అట్లా ఒకే మాట మా ఇంటికి పదిసార్లు పది వేషాల్లో వచ్చేది. లెవెలునే చూడండి. నాయన దాన్ని కల్వర్టు దగ్గరి నుంచి తెచ్చాడు. నెల తిరగకముందే అమ్మ కర్నూలు పెద్దాసుపత్రి నుంచి తెచ్చింది, నర్సమ్మ రక్తం చీటీ చూస్తా అన్నదని. తర్వాత అవ్వే తెచ్చింది. బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు, కొత్త మిద్దె కట్టిన ఒకాయన గురించి, "ఆయప్ప శానా లెవెలు సూపిస్తాండాడు" అనుకున్నారట. నేను రాత్రంతా ఆలోచించాను. గోడ మీది నీళ్ళ బుడగకూ, ఒంట్లోని రక్తానికీ, మిద్దె కట్టిన ఆయన నడకకూ ఏమిటి సంబంధం? ఎవరికీ కనబడకుండా మాట లోపల ఏదో ఒక దారం ఉంటుందనిపించేది. నాకు ఇంగ్లీషు మీద మోజు పుట్టింది ఆ రోజుల్లోనే. తెల్లదొరల భాష అని కాదు, అది మా ఊళ్ళో ఏమేం చేస్తోందో చూడాలని.

టైటు అనే మాటను నాయన సైకిలు షాపులో నట్టు దగ్గర విన్నాడు. పత్తికొండ టమోటా మార్కెట్టుకు పోయి వచ్చిన మా మేనమామ చేతిలో దుడ్లు టైటుగా ఉండాయన్నాడు. సంతరోజు బస్టాండులో తూలుతున్న మనిషిని చూసి కండక్టరు ఫుల్లు టైటు అన్నాడని నేను తెచ్చాను. అవ్వ మూడింటినీ విని, "ఈ మాట నట్టు కాడ ఉంటేనే మర్యాద" అని తీర్పు చెప్పింది. పాయింటు అన్న మాట మీద అయితే ఒక వారమంతా సాగింది. మా పక్క చేనులో బోరు వేయడానికి ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి, టెంకాయ నిలబడిన చోట పాయింటు అన్నాడు. ఊళ్ళో ఒకరింట్లో కరెంటు తీగ లాగిన మనిషి బల్బుకొకటి చొప్పున పాయింట్లు అన్నాడు. ఆదివారం గుడిలో అయ్యగారు ఈ దినం మూడు పాయింట్లు చూద్దామని ప్రసంగం మొదలుపెట్టాడు. ఆ రోజు ఎండ, ప్రసంగం పొడుగు. ఇంటికొస్తూ అవ్వ, "మూడు పాయింట్లు సూపిచ్చినాడు, ఒగదాంట్లో గూడా నీళ్ళు పడ్ల్యా" అంది. నాయన దారిలో రాయి మీద కూర్చుని నవ్వాడు.

ఇంత నవ్వుల్లోనూ అమ్మకు ఒక దిగులు ఉండేది. ఆమె మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు ఉప్మా వండడం, ముక్కులు తుడవడం ఆమె పని. పాటలూ అక్షరాలూ చెప్పే టీచరమ్మలు పెళ్ళయి మూడు నెలలకొకరు ఊరు విడిచిపోతుంటే ఆ పని కూడా అమ్మే చేసేది. ఒకసారి తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ చూసి, "టెన్త్ పాసై ఉంటే ఈ పోస్టు నీకే ఇప్పిస్తాను సుగుణమ్మా" అంది. ఆ మాట అమ్మ ఆరోజు సాయంత్రం లాంతరు దగ్గర చెప్పింది. మాట పేరు పోస్టు. ఎవరన్నారో, ఎక్కడన్నారో, ఏం చేస్తూ అన్నారో అన్నీ చెప్పింది. ఎవరం నవ్వలేదు. నాయన, "కట్టు మే, పరీచ్చ కట్టు" అన్నాడు. అమ్మ ప్రైవేటుగా పది పరీక్షకు కూర్చుంది. లెక్కలతో సహా అన్నీ పాసయింది, ఇంగ్లీషు తప్ప. కొత్త టీచరును వేయకుండా ఇంకొక ఏడాది ఆగుతానని సూపర్‌వైజరమ్మ మాటిచ్చింది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇంగ్లీషులో క్లాసులో నేనే ముందు. అమ్మకు పాఠం చెప్పే పని నా మీద పడింది. బడి నుంచి రాగానే వంటింట్లో కూర్చునేదాన్ని. అమ్మ కొర్రలు చెరుగుతూనో, పచ్చడి నూరుతూనో వినేది. కాలాలు, కర్తలు, కర్మలు ఆమెకు పట్టుబడేవి కావు. నేను కసిరేదాన్ని, ఒక్కోరోజు పుస్తకం విసిరేసి ఆడుకోవడానికి పోయేదాన్ని. పద్నాలుగేళ్ళ టీచరుకు ఓపిక ఎక్కడిది? అమ్మ పుస్తకం తీసి, తుడిచి, గూట్లో పెట్టేది. ప్రశ్నపత్రంలో ఒకటి మాత్రం ఆమెకు నచ్చేది. కొన్ని మాటలిచ్చి సొంత వాక్యాల్లో వాడమంటారు. కానీ అమ్మ పెన్ను పట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తోచక కూర్చునేది. ఒకరోజు నాకు గొప్ప ఉపాయం తట్టింది. "అవ్వ అడిగే మూడు ప్రశ్నలు గుర్తు పెట్టుకోమ్మా. ఎవురన్న్యారు, యాడన్న్యారు, ఏం జేస్తా అన్న్యారు. మూడింటికీ జవాబు రాస్తే వాక్యం దానంతటదే వస్తాది" అన్నాను. నిజంగానే వచ్చింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత ఏ మాటిచ్చినా గడగడా రాసేసేది.

పరీక్ష కర్నూల్లో. నేనూ వెంట పోయాను. పదహారేళ్ళ పిల్లల మధ్య చీరకట్టుకున్న అమ్మను చూసి గేటు దగ్గరి మనిషి, "పెద్దోళ్ళు బయటనే ఉండాలమ్మా" అని ఆపాడు. అమ్మ హాల్‌టికెట్టు చూపించి తల వంచుకుని లోపలికి పోయింది. మూడు గంటలు నేను రేకుల షెడ్డు కింద చిత్రాన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయటికి వచ్చేటప్పుడు అమ్మ నడకే మారింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రాసిన వాక్యాలు ఒక్కొక్కటీ ఒప్పజెప్పింది. ఇంగ్లీషులో రాసినవి ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. లెవెలు అనే మాటకు, మా ఆయన ఏసన్న ఓర్వకల్లు రోడ్డు మీద రాళ్ళు పేరుస్తూ లెవెలు అన్నాడు. పాయింటుకు మా అయ్యగారి పేరు, గుడి పేరు, ప్రసంగం. లైనుకు మా అత్త మరియమ్మ, మా ఊరి చౌకదుకాణం, బియ్యం కోసం నిలబడడం. ఒక్క తప్పు లేదు. నాకు గర్వంతో ఊపిరాడలేదు. ఆరోజు అవ్వ నాకు రెండు ముద్దల నెయ్యి వేసింది.

రెండు వారాల తర్వాత మా సొంత పరీక్షలకు ముందు మా ఇంగ్లీషు టీచరు క్లాసులో జాగ్రత్తలు చెబుతున్నారు. "జవాబుపత్రంలో ఎక్కడా మీ పేరుగానీ, మీవాళ్ళ పేరుగానీ, ఊరు పేరుగానీ కనిపించకూడదు. దిద్దేవాళ్ళకు మీరెవరో తెలిసే గుర్తు ఏదున్నా ఆ పేపరు పక్కన పెట్టేస్తారు. వచ్చే ఏడు పబ్లిక్‌లో ఇది మరీ ముఖ్యం." ఉత్తరం రాసేటప్పుడు పేరుకు బదులు వై అని, ఊరికి బదులు ఎక్స్ అని రాయాలని నాకు తెలుసు, అమ్మకు కూడా చెప్పాను. అది ఉత్తరానికి మాత్రమే అనుకున్నాను. అమ్మ వాక్యాల్లో పేర్లు లేని వాక్యం ఒక్కటి కూడా లేదు. మా ఇల్లు, మా గుడి, మా రోడ్డు, అందరూ అందులో ఉన్నారు. పెట్టించింది నేను.

ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. వేసవి అంతా చెప్పలేదు. అమ్మ అంగన్‌వాడీ పిల్లలకు కొత్త పాటలు కట్టుకుంటోంది, అప్పుడే టీచరైపోయినట్టు. సాయంత్రం లాంతరు దగ్గర నా వంతు వస్తే పాత మాటలే మళ్ళీ చెప్పి తప్పించుకునేదాన్ని. అవ్వ కనిపెట్టి, "పాపకు ఏందో అయింది" అనేది. ఫలితాలొచ్చిన రోజు బస్టాపు హోటల్లో పేపరు చూసి నాయన తిరిగొచ్చాడు. నంబరు లేదు. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసి, "పోనీలే" అంది.

మార్కుల కాగితం తీసుకోవడానికి మళ్ళీ ఇద్దరం కర్నూలు పోయాం. బడి వరండాలో నిలబడి అమ్మ దాన్ని చదువుకుంది. అన్నింటి పక్కనా అంకెలున్నాయి, ఇంగ్లీషు పక్కన అంకె లేదు. విత్‌హెల్డ్ అని, అంటే ఫలితం ఆపేశామని, ముద్ర ఉంది. అమ్మ కూడబలుక్కుని ఆ మాట చదివింది. ఆమెకది కొత్త మాట. కాగితం వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ ముందుకు తిప్పింది. "ఈ మాట ఎవురన్న్యారు పాపా?" అని అడిగింది. దానికి మనిషి లేడు. సంతకం కూడా లేదు. నేను వరండా స్తంభం పట్టుకుని ఏడ్చి, అంతా చెప్పేశాను.

అమ్మ నా ముక్కు కొంగుతో తుడిచింది, అంగన్‌వాడీ పిల్లలకు తుడిచినట్టే. "పేరు ల్యాకుండా మాట యాడన్నా ఉంటాదా?" అని మాత్రం అంది. తిట్టలేదు. ఇంటికొచ్చాక అవ్వ మాత్రం ఆ పరీక్షలు పెట్టినవాళ్ళను వదిలిపెట్టలేదు. "సాక్షులుండారని పేపరు పక్కన పెట్టినారా? సాక్షులు ల్యాకపోతే నమ్ముతారా? ఇదేం కోర్టప్పా?" అని నాయనను నిలదీసింది, ఆయనేదో ఆ ముద్ర వేసినట్టు. నాయన కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అక్టోబరులో అమ్మ మూడోసారి రాసింది. ఈసారి నేను జాగ్రత్తగా నేర్పాను. ఏ మాటిచ్చినా, అతను మంచివాడు, ఆమె పాట పాడును, ఇది నా కలము, అట్లాంటి వాక్యాలు. అమ్మ వాటిని బైబిలు వాక్యాలు కంఠతా పట్టినట్టే పట్టింది. ముప్పై ఎనిమిది మార్కులతో పాసయింది. మా ఊరి పోస్టు అప్పటికే పోయింది, పక్క ఊళ్ళో ఇచ్చారు. రోజూ గుట్ట చుట్టూ నడిచిపోయి ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు అక్షరాలు చెప్పింది.

నేను ఆ తర్వాత ఇంగ్లీషు టీచరునయ్యాను. ఇన్నేళ్ళూ ఏం చేశానని ఇప్పుడు ఆలోచిస్తే నాకే వింతగా ఉంటుంది. బోర్డు మీద ఎడమవైపు ఇంగ్లీషు మాట, మధ్యలో సమానం గుర్తు, కుడివైపు తెలుగు మాట. ఒకదానికి ఒకటి. లెవెలు ఎన్ని చోట్ల తిరిగిందో, టైటు ఎక్కడ మర్యాద తప్పిందో ఏ క్లాసులోనూ చెప్పలేదు. టైము లేదనుకున్నాను. పేపర్లు దిద్దేటప్పుడు అతను మంచివాడు అని వేలసార్లు చదివి వేలసార్లు మార్కు వేశాను. ఇప్పుడు మా మనవరాలు ఏ మాటైనా ఫోనును అడిగితే అది ఒక్క క్షణంలో పన్నెండు అర్థాలు చదివి వినిపిస్తుంది. నేను దగ్గరికి పోయి వింటాను, ముచ్చటేస్తుంది, అంత పెద్ద డిక్షనరీ మా ఇంట్లో ఉంటే నాయన రోజుకు నాలుగు మాటలు చెప్పి నాలుగు ముద్దలు తినేవాడు. కానీ ఆ గొంతును ఎవురన్న్యారు అని అడిగితే చెప్పదు. ఎవరూ అనని మాటలు అన్ని ఎక్కడి నుంచి వస్తాయో నాకు ఇంకా అంతుబట్టదు.

తమ్ముడి ఊరి నుంచి తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ చేటలో చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. ఆ పేపరు సంగతి నేనే ఎత్తాను. ఇన్నేళ్ళలో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. అప్పుడు బస్సులో చెప్పిన వాక్యాలన్నీ అమ్మ వరసగా మళ్ళీ చెప్పింది, ఒక్క అక్షరం పోకుండా. తర్వాత ఇంకో గుప్పెడు కాయలు తీసుకుంది.

"ఇంగొకటి గూడా రాసినా. నీకు జెప్పల్యా" అంది.

"ఏ మాటకమ్మా?"

"ఫ్రీ."

ఎవరన్నారని అడిగాను. నా నోటికి ఆ ప్రశ్న ఎప్పటినుంచో రాలేదు.

"నువ్వే. మనింట్లో, పొయ్యి కాడ, నాకు పాఠం జెప్తా. పుస్తకం ఇసిరేసి, నువ్వు పాసయితే నేను ఫ్రీ అయితానంటివి." అమ్మ తలెత్తకుండా ఇంగ్లీషులో చెప్పింది, నిదానంగా, ప్రార్థనలో చెప్పినట్టు. మా కూతురు ఎస్తేరు మా వంటింట్లో నాకు పాఠం చెబుతూ ఫ్రీ అని అన్నది. నా వల్ల ఆమె ఫ్రీగా లేదు. అవే రెండు వాక్యాలు.

"బస్సులో ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గయింది. రేపో మాపో చెప్తామనుకుంటి. ఆ తర్వాత పేర్లుండబట్టి పేపరు పాయనని తెలిసె. ఇంగ నీ పేరు గూడా ఉండాదంటే, నీ పేరు వల్లనే పాయ అనుకుంటావని." ఒలిచిన గింజలు నా వైపు చేటలోకి నెట్టింది. "పాసైన పేపర్లో నువ్వు ల్యావు పాపా. అందుకే దాని మార్కులు ఎంతో నాకు యాదికుండదు."

అమ్మ చేతిలోని కాయ తీసుకుని నేనే ఒలిచాను.